కోత పండుగలో గుమ్మడికాయ

పాపకి ఆయాసం రాబోతోందని ఇంట్లో అందరికంటే ముందు నాకు తెలుస్తుంది. మెడ కింద గుంట దగ్గర చర్మం లోపలికి లాగుతుంది. ఆడుకుంటున్నదల్లా బొమ్మ వదిలేసి వచ్చి నా ఒళ్ళో పడుకుంటుంది. కాసేపటికి గుండెల్లో పిల్లికూతలు మొదలవుతాయి. దానికి ఇంకా మూడేళ్ళు నిండలేదు. మందు ఆవిరి పట్టే నెబ్యులైజర్ మాస్కుని తనే ముఖానికి పెట్టుకోవడం నేర్చుకుంది. అది చూసి చుట్టాలు "ఎంత తెలివో" అని మెచ్చుకుంటారు. నాకు ఏడుపొస్తుంది.

మేముండేది గుంటూరులో, మిర్చి యార్డుకి వెళ్ళే రోడ్డు వెనక సందులో. మా ఆయన కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు. పెళ్ళైన కొత్తలో, పనికి దగ్గర, అద్దె తక్కువ అని ఆ ఇల్లు తీసుకున్నాం. అప్పటికి పాప లేదు కాబట్టి గాలి గురించి ఆలోచించలేదు. జనవరి దాటితే మిరపకాయల లారీలు సందు చివరిదాకా బారులు కడతాయి. ఆరేసిన బట్టలు దులిపితే తుమ్ములు. కిటికీ ఊచలు తుడిస్తే గుడ్డ ఎర్రగా అవుతుంది. పెద్దవాళ్ళం రెండు తుమ్ములు తుమ్మి మన పని మనం చూసుకుంటాం. పాప అలా తేరుకోలేదు.

నిరుడు వేసవిలో పిల్లల డాక్టరు గారు చీటీ రాస్తూ, తలెత్తకుండానే అన్నారు. "మందులైతే నేను రాస్తానమ్మా. వచ్చే సీజనుకి మాత్రం ఆ ఇంట్లో ఉంచకండి పిల్లని."

ఆ రోజు నుంచి నాకు అదే పని. నేను బీఎస్సీ, బీఎడ్ చేశాను. పాప పుట్టేదాకా ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పాను. అప్పటి జీతంలో దాచింది కొంత ఉంది. మా ఆయన ఓవర్‌టైములు చేసి కొంత కలిపారు. అక్టోబరులో మంగళగిరి దగ్గర ఒక ఇల్లు దొరికింది. మేడ మీద రెండు గదులు, వెనక ఖాళీ స్థలం, లారీలు తిరగని వీధి. ఇంటాయన రిటైరైన టీచరు. పాపని చూసి, "క్రిస్మస్ లోపు అడ్వాన్సు కట్టండమ్మా, కొత్త సంవత్సరానికి తాళాలు ఇచ్చేస్తా" అన్నారు. మా ఆయన రోజూ బండి మీద గుంటూరు వచ్చి వెళ్ళొచ్చు. అడ్వాన్సుకీ, సామాన్లు మోసే బండికీ సరిగ్గా సరిపోయే డబ్బు బ్యాంకులో ఉంది. ఆ నెలంతా నేను ఆ గదుల్లో పాప మంచం ఎక్కడ వెయ్యాలా అని ఆలోచిస్తూనే వంట చేశాను.

నవంబరు చివరి ఆదివారం మా అత్తగారి ఊళ్ళో చర్చిలో కోత పండుగ.

ఆ పండుగ గురించి తెలియని వాళ్ళ కోసం చెప్పాలి. మా సంఘంలో చాలామంది కూలికి వెళ్ళేవాళ్ళు, కౌలు చేసేవాళ్ళు. ఆ ఏడు చేతికొచ్చిన మొదటి పంటని, పెంచిన కోడినో, పాదుకి కాసిన కాయనో తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. ప్రార్థన అయ్యాక వాటిని వేలం వేస్తారు. మేము వేలం అనము, పాట అంటాం. ఆ పాటలో వస్తువు ధరతో సంబంధం లేదు. కోడిగుడ్డు రెండు వేలకి పోయిన సంగతి మా అత్తగారు ఇప్పటికీ చెబుతారు. కొన్నవాడు గుడ్డు కొనలేదు, దేవుడికి అంత ఇచ్చాడు అని లెక్క. ఇంకో అలవాటు కూడా ఉంది. సంఘంలో బాగా ఉన్నవాడు ఒకడే పాడితే పాట పైకి పోదు. అందుకని ఎదురు పాడటానికి ఒకరు ఉండాలి. కొనాలని కాదు, అవతలివాణ్ణి పైకి ఎక్కించాలని. చివరి పాట ఎటూ ఉన్నవాడిదే. అది అందరికీ తెలుసు. పెద్దలకీ తెలుసు, పాడేవాళ్ళకీ తెలుసు.

మా చర్చిలో ఆ డబ్బున్నవాడు మా ఆయన పెదనాన్న కొడుకు. నాకు బావగారు. తుళ్ళూరు వైపు రాజధాని ప్లాట్లు కొనిపెట్టడం, అమ్మిపెట్టడం ఆయన పని. తెల్ల కారు, తెల్ల బట్టలు. ఎదురు పాడేది మా ఆయన. పెళ్ళికి ముందు నుంచీ ఆయనదే ఆ పని. చిన్నప్పటి నుంచీ ఆ అన్నదమ్ములకి ఒకరినొకరు రెచ్చగొట్టుకోవడం అలవాటు కూడాను.

ఆ ఏడు కొత్త చర్చికి స్లాబు వెయ్యాల్సి ఉంది. స్తంభాలు లేచి, వాటి మీద ఊచలు ఆకాశంలోకి నిలబడి ఉన్నాయి. వాటి పక్కనే షామియానా. వడ్ల మూట, పత్తి గంప, మొదటి కోత మిరపకాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళు, అన్నీ అయ్యాయి. ఆఖరున గుమ్మడికాయ. మా అత్తగారి ఇంటి పక్కన ఒంటరిగా ఉండే మామ్మ తెచ్చింది. పెంకుటింటి మీదికి పాకించి, బోరింగు నుంచి బిందెతో నీళ్ళు మోసి పెంచిన కాయ.

సంఘపెద్ద మైకు పట్టుకున్నాడు. "అమ్మా, అయ్యా, ఇదిగో మామ్మ కాయ! ఎంత? ఎవరది, ఐదొందలా? ఏరా, నిన్న చికెన్ కొట్టు దగ్గర ఎంత పెట్టావో నేను చూళ్ళేదనుకున్నావా?"

అందరూ నవ్వారు. బావగారు కుర్చీలోంచి లేవకుండానే, "ఐదు వేలు" అన్నారు.

"ఏడు!" మా ఆయన.

"అబ్బో, తమ్ముడు లేచాడు! పది."

"పన్నెండు."

అలా పోతోంది. ఆడవాళ్ళం చాప మీద కూర్చుని చప్పట్లు కొడుతున్నాం. పాప నా ఒళ్ళో బిస్కెట్ తింటోంది. ఇరవై దాటాక డోలక్ వాయించే వాళ్ళు ప్రతి పాటకీ ఒక దెబ్బ వేస్తున్నారు. ముప్ఫై అని బావగారు అన్నారు. మా ఆయన ఆగారు. సంఘపెద్ద ఆయన వైపు చూసి కనుబొమలు ఎగరేశాడు. ఇంకొంచెం లాగు అన్నట్టు. నేను చూశాను ఆ చూపుని.

"నలభై!" అన్నారు మా ఆయన.

బావగారు నల్ల కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నారు. లేచి నిలబడ్డారు. "మా తమ్ముడికి ఇంత భక్తి ఉందని ఇన్నాళ్ళూ తెలీలేదండీ. ప్రతి ఏడూ ఆశీర్వాదం నేనే పట్టుకుపోతే ఎలా? ఈసారికి వాడికే పోనివ్వండి."

షామియానా కింద ఒక్కసారి నవ్వు ఆగిపోయి, మళ్ళీ మొదలైంది. సంఘపెద్ద "ఒకటోసారి" అని బావగారి వైపు చూశాడు. "రెండోసారి" అని బాగా సాగదీశాడు. బావగారు చేతులు జోడించి కూర్చున్నారు. "మూడోసారి!" డోలక్ మోగింది. "స్తోత్రం! స్తోత్రం!" అని జనం. మా ఆయనకి శాలువా కప్పారు. గుమ్మడికాయ చేతుల్లో పెట్టి ఫోటో తీశారు. ఆ ఫోటోలో ఆయన నవ్వుతున్నట్టే ఉంటారు. చప్పట్ల మధ్య ఒక్క క్షణం నాకూ గొప్పగానే అనిపించింది. తర్వాత మంగళగిరి ఇల్లు గుర్తొచ్చింది.

తిరుగు ప్రయాణంలో బండి మీద ముందు పాప, వెనక నేను, మధ్యలో గుమ్మడికాయ. ఊరు దాటాం. రోడ్డుకి రెండు వైపులా పత్తి విచ్చి ఉంది.

"ముప్ఫై దగ్గర ఆగొచ్చుగా" అన్నాను.

"పెద్దాయన సైగ చేశాడే. ప్రతి ఏడూ అన్నయ్య పాడతాడుగా, పాడతాడనుకున్నా."

"పోనీ ఆ మాటే చెప్పండి వాళ్ళకి. ఎదురు పాడాను, అనుకోకుండా నా మీద పడింది అని. అందరికీ తెలిసిందే కదా."

"అన్నయ్య ముందా?" అన్నారాయన.

ఆయన దేవుడి ముందా అనలేదు. అన్నయ్య ముందా అన్నారు. ఆ మాట ఆయనకి గుర్తు లేదు. నేను మర్చిపోలేదు.

ఆ గుమ్మడికాయని వంటింట్లో అరుగు మీద పెట్టాను. దాన్ని ఎవరూ కొయ్యలేదు. గుమ్మడికాయ మొదటి దెబ్బ మగవాళ్ళే వెయ్యాలని మా వైపు ఒక పట్టింపు. చర్చికి వెళ్ళేవాళ్ళమైనా అది పోలేదు. మా ఆయన దాని వంక చూసేవారే కాదు. కాఫీ గ్లాసు కోసం వచ్చినా ముఖం పక్కకి తిప్పుకుని తీసుకెళ్ళేవారు.

మా అత్తగారు ఫోన్ చేశారు. ఆవిడ మిరప కోతలకి వెళ్ళే మనిషి. తనకంటూ ఏమీ దాచుకోరు. ఎవరి కూలి డబ్బుల్లోంచైనా దేవుడికని దశమ భాగం, అంటే పదో వంతు, తియ్యకుండా ఉప్పు కూడా కొనకూడదంటారు. నేను ఇంటి సంగతి ఎత్తగానే గొంతు మారింది. "దేవుడి ఎదట మాటిచ్చాక వెనక్కి తగ్గకూడదే అమ్మాయ్. పొలం అమ్మిన డబ్బులో కొంత దాచుకుని మొగుడూ పెళ్ళాం ఏమయ్యారో నీకు తెలీదా? నిలబడ్డవాళ్ళు నిలబడ్డట్టే పడిపోయారు. చంటిపిల్ల తల్లివి, జాగర్త."

బైబిల్లోని ఆ కథ నేను సండే స్కూల్లో విన్నదే. నిలువునా పడిపోయిన ఆ ఇద్దరి బొమ్మ గీసి రంగులు కూడా వేశాను చిన్నప్పుడు. కానీ "చంటిపిల్ల తల్లివి" అని చివర కలిపేసరికి మళ్ళీ లెక్క వెయ్యడం మొదలుపెట్టాను. ఇస్తే ఇల్లు పోతుంది, పాపకి ఊపిరాడదు. ఇవ్వకపోతే దేవుడికి కోపమొస్తుంది, పాపకి ఊపిరాడదు. ఎటు తిప్పినా పాప దగ్గరికే వచ్చి ఆగుతోంది. ఇలాంటి భయాలు చదువుకుంటే పోతాయంటారు. నాకు పోలేదు.

ఆ వారంలోనే మామ్మ వచ్చింది. కంటి ఆసుపత్రికని ఊళ్ళో వాళ్ళ ఆటోలో గుంటూరు వచ్చి, అడ్రసు కనుక్కుని మా ఇంటికొచ్చింది. చెప్పులు విప్పుతూనే, "ఏమ్మా, నా కాయేదీ?" అంది.

చూపించాను. దాని మీద చెయ్యి వేసి, బిడ్డని నిమిరినట్టు నిమిరింది. "ఇంకా కొయ్యలేదా? ఏం చేద్దామని, పటం కట్టి గోడకి తగిలిస్తారా?"

"మనసు రాలేదు మామ్మా."

"ఎట్టా వస్తది? సంతలో అరవై రూపాయలకి ఎవుడూ అడగని కాయకి మీ ఇంటాయన ఇల్లు పోగొట్టాడంటగా. మీ అత్త చెప్పింది. పెద్దాయన దగ్గరికి పోయా. నా కాయ నాకిచ్చెయ్యండయ్యా, నేను తేలేదనుకోండి, పాటే జరగలేదనుకోండి అన్నా."

"ఏమన్నాడు?"

"బలిపీఠం ముందు పెట్టినాక అది నీది కాదు మామ్మా, దేవుడిది అన్నాడు. అయితే దేవుడు పులుసు పెట్టుకుంటాడా అన్నా. కోపమొచ్చింది అయ్యకి!" అని పళ్ళు లేని నోటితో నవ్వింది. వెంటనే నవ్వు ఆపేసి పాప వంక చూసింది. పాప అప్పుడు గోడకి ఆనుకుని నోటితో గాలి పీలుస్తోంది. "ఎవరన్నా తింటారని ఇచ్చానమ్మా నేను. ఏదీ, ఆ కత్తిపీట ఇట్టా పట్రా."

"మగవాళ్ళు కొయ్యాలంటారుగా మామ్మా."

"మా ఇంట్లో మగోళ్ళెవరున్నారు? ఇన్నేళ్ళూ నేనే కోసుకుంటున్నా. నాకేమయింది?"

కత్తిపీట ముందేసుకుని రెండు దెబ్బల్లో చీల్చింది. లోపల గుజ్జు ముదురు పసుపు రంగులో ఉంది. పులుసు నేనే పెట్టాను, బెల్లం ముక్క వేసి. పాప ముక్కలన్నీ ఏరుకుని తింది. నాలుగు ఇళ్ళకి గిన్నెల్లో పంపాం. మామ్మ తిన్న కంచం తనే కడిగి బోర్లించి, గింజలు కొంగున మూటగట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం మా అమ్మ గుర్తొచ్చింది. అమ్మ ఎసట్లో బియ్యం పోసే ముందు ప్రతిసారీ ఒక పిడికెడు తీసి పక్కన కుండలో వేసేది. నెల చివర ఆ బియ్యం చర్చికి వెళ్ళేవి. అక్కడి నుంచి పొయ్యి వెలగని ఇంటికి వెళ్ళేవి. ఎవరింటికి వెళ్ళాయో మాకు చెప్పేవారు కాదు. ఒక్కోసారి మా ఇంటికే వచ్చాయేమో కూడా నాకు తెలియదు. నాన్న జబ్బు పడిన ఏడు మాకు బియ్యం ఎక్కడివో అమ్మ ఎప్పుడూ చెప్పలేదు. ఇవ్వడమంటే నేను అదే అనుకుని పెరిగాను. ఒక చోట మిగిలింది ఇంకో చోట అన్నమవుతుంది, చప్పుడు ఉండదు. ఈ పాటల్లో మాత్రం చప్పుడే ఎక్కువ. కోళ్ళూ కాయలూ అందులో సాకు మాత్రమే.

మర్నాడు పాపని ఎత్తుకుని ఊరికి బస్సెక్కాను. పాస్టరు అయ్యగారిని కలవడానికి. మా ఆయనకి చెప్పలేదు.

పాస్టరు గారు మంచివారు. పెద్దగా గొంతెత్తి మాట్లాడలేరు. ఇంటి ముందు సిమెంటు బస్తాల మీద పట్టా కప్పుతున్నారు. ఆయన భార్య పాపకి పాలు కలిపి తెచ్చారు. నేను అంతా చెప్పాను. డాక్టరు మాట, మంగళగిరి ఇల్లు, సంఘపెద్ద సైగ. అయ్యగారు పట్టా అంచు మీద ఒక ఇటుక పెట్టి, కొత్త చర్చి ఊచల వైపు చూశారు.

"ఆ డబ్బు దేవుడు అడగలేదమ్మా. మేము అడిగాం" అన్నారు. "ఎదురు పాట పెట్టించడం నాకూ ఇష్టం లేదు. కానీ అది లేకపోతే గోడలు లేవవంటారు పెద్దలు. లేవకపోవడం నేనూ చూశాను."

"అయితే వదిలెయ్యొచ్చు కదండీ అయ్యగారూ."

"నేనొక్కణ్ణే వదిలెయ్యలేను. మేస్త్రీకి మాటిచ్చేశారు వాళ్ళు. ఒక పని చెయ్యండి. మీ ఆయన్ని వచ్చి నోటితో ఒక్కసారి అనమనండి, 'ఇచ్చుకోలేను' అని. ఆ తర్వాత సంఘం ముందు నేను మాట్లాడతాను. ఎవరేమన్నా నేను పడతాను."

ఇంతకంటే ఏం కావాలి అనుకుంటూ తిరిగొచ్చాను. ఒక్క మాట. ఇచ్చుకోలేను. రాత్రి అన్నాలయ్యాక మా ఆయనకి చెప్పాను.

"నువ్వు అయ్యగారి దగ్గరికెళ్ళి అడుక్కున్నావా?" అన్నారు.

"పాప కోసం వెళ్ళాను."

"అన్నయ్యకి ఈపాటికి తెలిసిపోయుంటుంది. కారులో తిరుగుతూ చెబుతాడు అందరికీ. పాట పాడి పారిపోయాడ్రా మా వాడు అని."

"చెప్పుకోనివ్వండి. నాలుగు రోజులు నవ్వుతారు. మనం మంగళగిరిలో ఉంటాం."

ఆయన కంచం ముందు నుంచి లేవలేదు. చేతికి అంటుకున్న మెతుకులు ఎండిపోతున్నాయి. "వాడి పాత చొక్కాలు వేసుకుని చదువుకున్నానే నేను" అన్నారు. "నీకు తెలీదు."

నిజమే, అప్పటిదాకా తెలీదు. ఆయన మీద కోపం తగ్గలేదు, కానీ కంచం తీసి ఆయన చేతికి నీళ్ళు పోశాను. పేదరికం పోయాక కూడా అది మనిషి చేత డబ్బు ఖర్చు పెట్టిస్తూనే ఉంటుందని అప్పుడు అనిపించింది.

క్రిస్మస్ ముందు ఆదివారం నలభై వేలూ కవరులో పెట్టి ఇచ్చేశాం. సంఘపెద్ద దాన్ని పైకెత్తి చూపించాడు. బయటికొస్తుంటే మా ఆయన భుజం తట్టి, "పాప పేరు ఫ్యాను మీద రాయిస్తాంలే తమ్ముడూ" అన్నాడు. పాత చర్చిలో ఒక ఫ్యాను రెక్కల మీద ఎర్ర రంగుతో నిజంగానే రాయించారు. మంగళగిరి ఇంటాయన ఇంకో వారం ఆగి, ఎవరో ఆఫీసు పిల్లలకి ఇల్లు ఇచ్చేశారు. ఫోన్లో ఆయనే నొచ్చుకున్నారు.

ఫిబ్రవరిలో మిరపకాయలు బాగా దిగాయి. ఒక సాయంత్రం పాప పెదాలు నీలంగా కనిపించాయి. ఆటోలో ఆసుపత్రికి ఎలా వెళ్ళామో నాకు సరిగ్గా గుర్తు లేదు. దాని పక్కటెముకలు లోపలికీ బయటికీ పోవడం మాత్రం గుర్తుంది. ఆక్సిజన్ పెట్టారు. సూది కోసం నరం దొరక్క రెండు చేతులూ పొడిచారు. చివరికి ఏడవడానికి కూడా ఓపిక లేక ఊరికే నా వైపు చూసింది.

మర్నాడు అందరూ వచ్చారు. బావగారు యాపిల్ పళ్ళు తెచ్చారు. మంచం పక్కన నిలబడి నిజంగానే కళ్ళు తుడుచుకున్నారు. "ముందే ఒక్క మాట నాకు చెబితే ఇల్లు నేను చూసేవాణ్ణి కదరా" అన్నారు. మా ఆయన యాపిల్ సంచీ పట్టుకుని గోడ వైపు తిరిగి నిలబడ్డారు. నాకు ఆ ఇద్దరిలో ఎవర్ని ఎక్కువ తిట్టాలో తెలియలేదు.

మా అత్తగారు మాత్రం పాప పాదాలు పట్టుకుని నేల మీద కూర్చుండిపోయారు. చేతుల నిండా మిరప కోతల ఘాటు ఉంటుందని ముందే సబ్బుతో కడుక్కుని వచ్చారట. "ఇచ్చేశాం కదా ప్రభువా" అంటున్నారు మెల్లగా. "ఒక్క రూపాయి దాచుకోకుండా ఇచ్చేశాం కదా. మరి ఎందుకయ్యా?"

ఆ మాట విన్నప్పుడు నాలో ఏదో తెగింది. ఎందుకంటే నా లెక్క కూడా లోపల్లోపల అదే. కవరు ఇచ్చిన రోజు, పోనీలే, ఇల్లు పోయినా ఇక పాపకి ఏమీ కాదు అనుకున్నాను. కట్టాల్సింది కట్టేశాం అనుకున్నాను. దేవుణ్ణి నేను ఎలాంటివాణ్ణి చేసుకున్నానో ఆ మంచం పక్కన కనిపించింది. పిల్ల ఊపిరికి వెల కట్టి వసూలు చేసేవాడు. అలాంటివాణ్ణి నేను ప్రేమించలేను. అమ్మ బియ్యం కుండ దగ్గర నిలబడి కళ్ళు మూసుకున్నప్పుడు అలాంటివాడితో మాట్లాడి ఉండదు.

అత్తగారు చెప్పిన ఆ భార్యాభర్తల కథ ఇంటికొచ్చాక మళ్ళీ తీసి చదివాను. చిన్నప్పుడు బొమ్మ గీసిన దాన్ని, పెద్దయ్యాక భయపడిన దాన్ని, మొదటిసారి నిదానంగా చదివాను. పొలం వాళ్ళదే. అమ్మాక డబ్బూ వాళ్ళదే. ఉంచుకుంటే ఎవరూ ఏమీ అనేవారు కాదు. కొంత ఉంచుకుని, అంతా ఇచ్చినట్టు కనిపించాలనుకున్నారు. వాళ్ళని పడేసింది దాచుకోవడం కాదు, ఆ కనిపించడం. నలభై వేల గుమ్మడికాయతో ఫోటో దిగిన ఇంట్లో కూర్చుని అది చదవడం ఎలా ఉంటుందో చెప్పలేను.

మార్చిలో ఒక ఆదివారం, సాక్ష్యాల సమయంలో నేను లేచాను. మా చర్చిలో ఆడవాళ్ళు చెప్పే సాక్ష్యాలు ఒకే దారిలో పోతాయి. కష్టం వచ్చింది, ప్రార్థించాం, దేవుడు విడిపించాడు. నాది అలా లేదు. పాపని చంకన ఎత్తుకుని చెప్పాను.

"పాప ఆసుపత్రి నుంచి వచ్చింది. ప్రార్థించిన అందరికీ వందనాలు. ఇంకో మాట. మా ఇంటి దశమ భాగం ఇక కొన్నాళ్ళు ఇక్కడికి రాదు. పాపకి మంచి గాలి ఉన్న ఇల్లు చూసేదాకా అది అక్కడికే పోతుంది. దాచుకుంటున్నారని రేపు ఎవరూ అనుకోకూడదని అందరి ముందూ చెబుతున్నాను. కోత పండుగలో మేమిచ్చింది ఇష్టంతో ఇచ్చింది కాదు. అది దేవుడికి తెలుసు. మీకు కూడా తెలియాలని చెబుతున్నాను."

సాక్ష్యం అయ్యాక జనం "స్తోత్రం" అనాలి. ఎవరూ అనలేదు. పైన ఫ్యాన్లు తిరుగుతున్న చప్పుడు వినిపించింది. సంఘపెద్ద పాటల పుస్తకంలో పేజీలు తిప్పుతున్నాడు. బావగారు నేల చూస్తున్నారు. అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. కూర్చుందామనుకుంటుండగా వెనక చాప మీంచి మామ్మ గొంతు, "స్తోత్రం. కూకోమ్మా, పిల్ల బరువు" అంది. అయ్యగారు చిన్నగా దగ్గి, తర్వాతి ప్రార్థన మొదలుపెట్టారు.

తిరుగు దారిలో మా ఆయన బండిని ఊరు దాటించారు. పత్తి చేలల్లో మోళ్ళు మాత్రం నిలబడి ఉన్నాయి.

"నాకు ముందు చెప్పాల్సింది" అన్నారు.

"చెబితే వద్దనేవారు."

"వద్దనేవాణ్ణే." ఇంకా చాలా దూరం వెళ్ళాక, "ఇష్టంతో ఇవ్వలేదన్నది నేను అనాల్సిన మాట" అన్నారు. ఆ రోజు నుంచి ఆయన చర్చిలో వెనక వరసలో కూర్చుంటున్నారు. బావగారితో మాటలు తగ్గాయి. అత్తగారు పాప కోసం వస్తారు, నాతో వంట సంగతులు తప్ప మాట్లాడరు.

నెలనెలా ఆ భాగాన్ని తీసి స్టీలు డబ్బాలో వేస్తున్నాను. వేసేటప్పుడు పైకే చెబుతాను, ఇది నీదే, పాప ఇంటికని పెడుతున్నాను అని. డబ్బా నెమ్మదిగా నిండుతోంది. అద్దెలు అంతకంటే త్వరగా పెరుగుతున్నాయి. మంగళగిరిలో అలాంటి ఇల్లు మళ్ళీ దొరకలేదు. వచ్చే జనవరికి మేము ఇక్కడే ఉంటామేమో తెలియదు.

చేసింది తప్పని నేను అనుకోవడం లేదు. అయినా ఇది రాస్తుంటే పక్క గదిలో పాప దగ్గింది. పెన్ను ఆగిపోయింది. ఆ స్టీలు డబ్బా వల్లనేనా అన్న ఆలోచనే ఇంకా ముందు వస్తుంది. అది పోలేదు. లేచి వెళ్ళి పాప వీపు మీద చెయ్యి వేసి చూశాను. పిల్లికూతలు లేవు. ఊరికే దగ్గు. చెయ్యి తియ్యకుండా కాసేపు అక్కడే కూర్చున్నాను.